లంకమల అంచున ప్లాటు చూడబోయి

మా బావ కడపలో సొంతిల్లు కట్టుకోవాలని రెండేళ్ల నుంచీ తిరుగుతున్నాడు. సిద్ధవటం దాటినాక, బద్వేలు రోడ్డుకు లోపలగా కొత్త వెంచర్ పడిందని, సెంటు చవగ్గా వస్తుందని ఎవరో చెప్పారట. "నువ్వూ రా, చూసొద్దాం" అన్నాడు. మే నెల ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి బండి మీద బయల్దేరాం.

భాకరాపేటలో టీ తాగి పెన్న దాటాం. ఏట్లో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. సిద్ధవటం కోట వెనకపడ్డాక రోడ్డుకు అటూ ఇటూ కంపలు మొదలవుతాయి. కలివి, రేగి, బలుసు. మనిషి ఎత్తుకు మించవు. నాకు చిన్నప్పటి నుంచీ ఆ నేల చూస్తే ప్రాణం లేచొస్తుంది.

వెంచర్ దగ్గర ఆర్చి కట్టేశారు. జేసీబీతో కంపలన్నీ పెరికి ఒక పక్క గుట్టలు పోశారు. ఎర్రమట్టి మీద తెల్ల రాళ్లు వరసగా పాతి, నంబర్లు వేశారు. చూపించడానికొచ్చిన కుర్రాడు "సార్, ఇదంతా ఉత్త కంప. ఎవరికీ పనికొచ్చేది కాదు" అన్నాడు.

ఆ మాట దగ్గరే నాకు కడుపు మండింది. ఆ కంప వల్లే ఈ ఊళ్ల పేరు ప్రపంచానికి తెలిసింది. కలివికోడి అనే అరుదైన పిట్ట ఉండేది ఇలాంటి కంపల్లోనే. దాన్ని 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయుడు లోకానికి చెప్పాడు. 1900 తర్వాత అది ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో ఇక్కడికి దగ్గర్లోనే, రెడ్డిపల్లి పక్కన మళ్లీ దొరికింది. దాని కోసమే లంకమల కొండల్లో 464 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి కూడా మళ్లించారు. అంత పెద్ద కాలువే పక్కకు తప్పుకున్న చోట ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతుతున్నారు.

అడవి అనగానే మనకు పెద్ద చెట్లే గుర్తొస్తాయి. ఈ పిట్టకు అవి అక్కర్లేదు. అక్కడక్కడా కంపలు, మధ్యలో పరుగెత్తడానికి కాస్త ఖాళీ నేల, అంతే. కంప మరీ చిక్కబడినా ఉండదు, కొట్టేసినా ఉండదు. పగలు నీడలో ముడుచుకుని, చీకటి పడ్డాక పురుగుల కోసం బయటికొస్తుంది. అలాంటి చోట వీధిలైట్లు పెట్టి, ఇళ్లు కట్టి, వాటి వెంట కుక్కలొస్తే ఆ పిట్ట ఎక్కడికి పోవాలి?

బావ ముప్పైరెండో నంబరు రాయి దగ్గరికి పోబోతుంటే నెత్తిమీద ఒక తీతువు పిట్ట అరుస్తూ తిరగడం మొదలెట్టింది. కిందికి దిగి, రెండడుగులు పరుగెత్తి, మళ్లీ ఎగిరింది. నాకు అనుమానమొచ్చి "బావా, ఆగు" అన్నాను. రాయికి జానెడు దూరంలో, గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు. మట్టిరంగు మీద నల్లమచ్చలు. గూడు లేదు, గడ్డిపోచ లేదు. మరో అడుగేస్తే చెప్పు కిందే ఉండేవి. బావ అక్కడే నిలబడిపోయాడు. తర్వాత మెల్లగా వెనక్కి అడుగేశాడు.

గొర్రెలు తోలుకుపోతున్న తాతను కలివికోడి గురించి అడిగాను. "మా నాయన సూసినాడంట. నేను సూల్లేదు నాయనా. రేత్రిపూట తిరిగే పిట్ట గదా" అన్నాడు. చేత్తో జేసీబీ గుట్టలు చూపించి, "మా గొర్రెలు మేసిందీ ఆ కంపల్లోనే" అని పోయాడు.

చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం. కలివికోడి కూత వినపడుతుందేమోనని నా ఆశ. వినపడలేదు. ఆర్చి మీద లైటు మాత్రం వెలిగింది.

తిరిగొస్తూ బావ అడిగాడు, "మరి జనం ఇళ్లు కట్టుకోవద్దా?" కట్టుకోవాలి. సోమశిల డ్యాము ముంపులో ఊళ్లు పోయినవాళ్లు ఈ అడవి పక్కకొచ్చి బతికారు. వాళ్లకు వేరే దారి లేదు. ఈ వెంచర్ అట్లా కాదు. ఇక్కడ కొనేవాళ్లలో కాపురం పెట్టేవాళ్లు ఎంతమంది? రేటు పెరిగాక అమ్ముకుందామని కొంటారు. కడప చుట్టూ రాళ్లు పాతి, కంప మొలిచిన ప్లాట్లు ఎన్ని లేవు? ముందు అక్కడ కట్టుకోవచ్చు కదా అన్నాను. బావ జవాబివ్వలేదు. అడ్వాన్స్ మాత్రం ఇవ్వలేదు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాను. ఆ భూమి అభయారణ్యానికి ఎంత దూరంలో ఉందో కొలవాలని, లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో చెప్పాలని, అటవీశాఖ వచ్చి చూసేదాకా జేసీబీ ఆపాలని రాశాను. కింద నా సంతకం పక్కన ఇంకో సంతకం ఉంది. బావ పొద్దున్నే వచ్చి పెట్టిపోయాడు.

వచ్చే ఆదివారం మళ్లీ పోతున్నాం. ఆ నాలుగు గుడ్లు ఏమయ్యాయో చూడాలి.