డాబా మీద వడియాలు, 24 ఫ్రేములు

పోయిన వేసవిలో అమ్మమ్మ డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతుంటే వీడియో తీశాను. ఎనభై దాటాయి, ఇంకెన్నేళ్లు ఈ మినప్పిండి కలుపుతుందో అన్న దిగులు లోపల ఉంది, అందుకే ఏదో ఫోన్‌లో తీసి పడేసినట్టు కాకుండా సినిమాలా ఉండాలని పట్టుబట్టాను. కెమెరాలో సినిమాల్లోలా సెకనుకి 24 ఫ్రేములు పెట్టాను, లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా చప్పగా రికార్డు చేసే పద్ధతి) తీశాను, ఇంటికొచ్చి ఫిల్మ్ గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనబడే సన్నటి రేణువులు) కూడా వేశాను. అయినా చూస్తే టీవీలో వంటల ప్రోగ్రాంలాగే ఉంది.

చాలాసార్లు వెనక్కి తిప్పి చూస్తే అర్థమైంది, తేడా చేతుల దగ్గర ఉంది. ఆవిడ నీళ్లలో వేళ్లు తడిపి, ముద్ద తీసి, గుడ్డ మీద పెట్టి మళ్లీ గిన్నె వైపు వెళ్లే ఆ కదలిక గబగబా తెగిపోతూ, ఫొటోలు వరసగా పేర్చినట్టు కనబడుతోంది. పది గంటల ఎండ కదా, ఐఎస్‌ఓ (సెన్సార్ సున్నితత్వం) 800 పెట్టి, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్8కి చిన్నది చేసినా షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే సమయం) సెకనులో 3200వ వంతుకు పోయింది, అంత తక్కువ సేపట్లో కదిలే చెయ్యి కూడా గడ్డకట్టినట్టు పడుతుంది. పాత ఫిల్మ్ కెమెరాల్లో లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య సగం కోసిన బిళ్ల లాంటి షట్టర్ తిరుగుతూ ఉంటుంది, దాన్నే 180 డిగ్రీలు అంటారు. అంటే ఒక్కో ఫ్రేముకి ఉన్న టైంలో సగం సేపు వెలుతురు పడుతుంది, 24 ఫ్రేములకైతే సెకనులో 48వ వంతు. ఆ కాస్త సేపట్లో చెయ్యి కదిలినంత మేరా మసకగా పడుతుంది. సినిమా అంటే మన కంటికి అలవాటైంది ఆ మసకే. మనకి కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి కాబట్టి ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తీసేటప్పుడు 48 కన్నా 50వ వంతు పెట్టుకోండి, వీడియోలో వెలుతురు మిణుకుమనే ఫ్లికర్ బాధ తప్పుతుంది, లుక్‌లో తేడా కంటికి తెలీదు.

మరి ఆ ఎండలో 50కి దిగాలంటే ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే, రంగు మార్చకుండా వెలుతురు తగ్గించే నల్ల గాజు) ఒక్కటే దారి. వెలుతుర్ని 64వ వంతుకి తగ్గించేది పెడితే 3200 కాస్తా సరిగ్గా 50 అయింది. నా వరకు ఏ లట్ (వీడియో రంగుల్ని ఒకేసారి మార్చేసే రెడీమేడ్ ఫైలు) కన్నా ఈ నల్ల గాజు ముక్కే ఎక్కువ పని చేసింది.

రెండోది తెలుపు. తెల్ల పంచె పరిచి దాని మీద వడియాలు పెడుతుంది, కట్టుకున్నదీ తెల్ల చీరే. మొదటిసారి తీసినదాంట్లో వెలుతురు ఎక్కువై పంచె మొత్తం ఒట్టి తెలుపైపోయి వడియాలు కూడా అందులో కలిసిపోయాయి. ఫిల్మ్ నెగటివ్ ఎక్కువ వెలుతుర్ని మెల్లమెల్లగా, నెమ్మదిస్తూ తీసుకుంటుంది. డిజిటల్ సెన్సార్ నిండిందా, అంతే, ఆ పైన వివరం ఏదీ ఉండదు. ఆ ఖాళీ తెలుపు మీద గ్రెయిన్ వేస్తే మురికి పట్టినట్టుంటుంది తప్ప ఫిల్మ్‌లా ఉండదు, ఎందుకంటే ఫిల్మ్‌లో గ్రెయిన్ పైన చల్లింది కాదు, బొమ్మ ఏర్పడిందే దానితో. అందుకని రెండోసారి పంచె నేత కనబడేలా ఎక్స్‌పోజర్ తగ్గించి, చీకటైన ముఖానికి థర్మాకోల్ షీట్‌తో వెలుతురు కొట్టించాను. షీట్ పట్టుకున్నది మా పిన్ని కొడుకు, గంటసేపు ఎండలో నిలబడ్డాడు పాపం.

గ్రేడింగ్, అంటే రంగులు దిద్దడం, డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్‌లోనే చేశాను. అందులో కొడాక్ 2383 లట్ ఉంటుంది, థియేటర్లకి పంపే ప్రింట్లు వేసిన ఫిల్మ్ అది. మామూలు వీడియో మీద నేరుగా వేస్తే నలుపు ముద్దయిపోయి ముఖాలు ఇటుక రంగుకి తిరుగుతాయి, అది సినియాన్ లాగ్ (ఫిల్మ్ స్కాన్లకి వాడే లాగ్ పద్ధతి) కోసం చేసింది కాబట్టి ముందు ఫుటేజ్‌ని అందులోకి మార్చి ఆ తర్వాత వేయాలి. నేను దాని బలం సగానికి దించాను. స్టీలు గిన్నె అంచు మీద తళుక్కుమనే చోట మాత్రం కొంచెం ఎర్రటి కాంతి ఇచ్చాను. ఫిల్మ్‌లో గట్టి వెలుతురు పొరలన్నీ దాటి అడుగు నుంచి వెనక్కి కొడితే ముందు తగిలేది అడుగునున్న ఎరుపు పొరకే, హేలేషన్ అంటే అదే. కెమెరాలో షార్ప్‌నెస్ పూర్తిగా తగ్గించడం మర్చిపోకండి.

గీతలు, దుమ్ము, ఫ్రేము ఊగడం లాంటివి మాత్రం నేను వేయను. చిన్నప్పుడు మా ఊరి హాల్లో రీలు మారే ముందు కుడి పైమూల చుక్క మెరిస్తే నాకూ సరదాగానే ఉండేది. కానీ ఆ గీతలు రాకూడదనే కదా ఆ రోజుల్లో ప్రింటుని అంత జాగ్రత్తగా చూసుకున్నారు.

రెండోసారి తీస్తుంటే అమ్మమ్మ “ఎన్నిసార్లు తీస్తావురా, ఎండెక్కుతోంది, ముందు ఈ వరస పూర్తవనీ” అంది. ఆ మాట అంటూనే వేళ్లు గిన్నెలో ముంచింది. అక్కడ ఒక ఆరేడు ఫ్రేముల్లో తడి వేళ్లు సన్నటి మసక గీతలా సాగి, వడియం దగ్గరికొచ్చేసరికి మళ్లీ స్పష్టంగా నిలబడతాయి. వీడియో మొత్తంలో నేను కట్ చేయకుండా వదిలేసిన షాట్ అదొక్కటే.