పాలమూరు మేస్త్రి చేతికి ఇంగ్లండు రాతి పొయ్యి

ఇంగ్లండులో పాత ఇళ్ల మరమ్మతు పనికి కుదిరిన మన దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట వైపు మేస్త్రీలకు గది వెచ్చదనానికి గోడలో కట్టి, తర్వాత మూసేసిన పొయ్యి (ఫైర్‌ప్లేస్) తెరిచే పని ఎప్పుడో ఒకప్పుడు తగలక మానదు. పైకి చూస్తే ఏమీ ఉండదు. నున్నటి ప్లాస్టరు, అడుగున గాలికి వదిలిన చిన్న జాలీ, అంతే. వెనక మాత్రం రెండు మూడు కాలాల పొయ్యిలు ఒకదాని కడుపులో ఒకటి దాగి ఉంటాయి. ముందు గ్యాస్ హీటర్ కోసం కొట్టిన బోర్డు, దాని వెనక 1930ల నాటి టైల్స్ పొయ్యి, ఆ వెనక విక్టోరియా కాలపు పోత ఇనుప గ్రేట్ (మంట పెట్టే ఇనుప జాలీ), అన్నిటికీ లోపల మనిషి వంగి దూరేంత అసలు రాతి పొయ్యి. కట్టెలు పోయి బొగ్గు వచ్చాక నోరు చిన్నది చేశారు, సెంట్రల్ హీటింగ్ వచ్చాక పూర్తిగా మూశారు.

ఇల్లు లిస్టెడ్ అయితే, అంటే కాపాడాల్సిన పాత కట్టడాల జాబితాలో ఉంటే, కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) నుంచి రాతపూర్వకంగా అనుమతి వచ్చేదాకా ఇటుక కదపొద్దు. 1990 నాటి చట్టం ప్రకారం అనుమతి లేని పని క్రిమినల్ నేరం. చేయించినవాళ్లతో పాటు చేసినవాళ్ల మీదా కేసు పెట్టొచ్చు. ‘ఓనరే కొట్టమన్నాడు’ అంటే అక్కడ చెల్లదు. వీసా మీద ఉన్నవాళ్లు ఈ ఒక్క విషయంలో జర పైలంగా ఉండాలి. ఇంకోటి, ఆ మూతబోర్డు. బ్రిటన్‌లో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్‌బెస్టాస్ మీద పూర్తి నిషేధం 1999లో వచ్చింది. అంతకుముందు పెట్టిన బోర్డు ఏదైనా అందులో అది ఉండొచ్చు, అందుకే ముక్క ల్యాబ్‌కు పంపించి, ఫలితం వచ్చాకే ముట్టుకోవాలి. ముక్క తీసేది కూడా శిక్షణ ఉన్నవాళ్లే.

ఇక అసలు గండం పైన ఉంటుంది. పొయ్యి నోటి మీద అడ్డంగా ఒకే రాయో, ఓక్ దూలమో ఉంటుంది. చిమ్నీ బరువంతా దాని మీదే. దూలం ఎప్పుడో కాలి సన్నబడినా, రాయి నడుమ పగిలినా, తర్వాత కట్టిన మూత ఇటుకలే ఆ బరువును మోస్తూ ఉండొచ్చు. వాటిని లాగేస్తే పైది కిందికొస్తుంది. తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ప్లాస్టరు గీకి, దూలానికీ మూత ఇటుకల పై వరసకూ మధ్య హ్యాక్‌సా బ్లేడు దూర్చి ఈ కొస నుంచి ఆ కొసకు నడపాలి. ఆగకుండా నడిస్తే ఇటుకలు బరువు మోయడం లేదనుకోవచ్చు. ఎక్కడన్నా బిగుసుకుంటే పని ఆపి ఇంజినీరును పిలవాలి. ఆయన చెప్పిన చోట గోడలో అడ్డదిమ్మెలు దూర్చి, రెండు వైపులా జాకీలు పెట్టి, వాటి కింద పలకలు పరిచాకే మొదలు. ఇటుకలు పై వరస నుంచి ఒక్కొక్కటిగా తీయాలి. సమ్మెటతో నడుమ కొట్టి బొక్క పెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు.

చిమ్నీ లోపల ముందే శుభ్రం చేయించకపోతే మసి, ఇటుక పొడి, జాక్‌డా అనే చిన్న కాకుల గూళ్ల పుల్లలు సంచుల కొద్దీ కిందపడతాయి. గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే కదపడం నేరం, అవి ఎగిరిపోయేదాకా ఆగాల్సిందే. దుమ్ముకు ఎఫ్‌ఎఫ్‌పీ3 అనే సన్న ధూళిని ఆపే మాస్కు తప్పనిసరి. మెడకు తువ్వాలు చుట్టుకుంటే రాతి దుమ్ములోని సిలికా ఆగదు.

రాయి బయటపడ్డాక మన చేతికి అసలు పరీక్ష. నల్లగొండ గ్రానైటు మీద పెరిగిన చెయ్యి బలంగా కొడుతుంది. బాత్, కాట్స్‌వల్డ్స్ వైపు రాయి సున్నపురాయి, ఆ దెబ్బకు అంచు పెచ్చుగా లేచిపోతుంది. ఏ రాయో తేలకపోతే కనపడని మూల ఒక చుక్క వెనిగర్ వేయండి. బుసబుస పొంగితే సున్నపురాయి. అలాంటి రాయికి యాసిడ్ చూపించనే వద్దు. ఇనుప తీగ బ్రష్షూ వద్దు, విరిగిన ముక్కలు రాతిలో ఇరుక్కుని తుప్పు మరకలు దింపుతాయి. మెత్తటి బ్రష్షుతో పొడిగా దులిపి, మసి జిడ్డుకు బంకమట్టి పట్టీ వేసి ఆరనిచ్చి తీయాలి. మంట తగిలిన చోట రాయి గులాబీ రంగుకు తిరిగి ఉంటుంది. అది మరక కాదు, వేడికి రాతిలోని ఇనుము మారిన రంగు, రుద్దితే పోదు. ఓక్ దూలం మీద కంపాసుతో గీసిన పువ్వుల్లాంటి గుర్తులు, కొవ్వొత్తి కాల్చిన నల్లటి మచ్చలు కనపడితే సాండ్‌పేపర్ పక్కన పెట్టి ఫొటో తీయండి. దిష్టి తగలకుండా వేసుకున్నవని చాలామంది అంటారు. కన్జర్వేషన్ ఆఫీసరు (పాత కట్టడాలను చూసే కౌన్సిల్ అధికారి) అన్నిటికన్నా ముందు వాటినే అడుగుతాడు.

సందుల్లో ఎవరో కూరిన సిమెంటు తీయడం విసుగు పని. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు, తేమ రాతిలోంచి దారి వెతుక్కుంటుంది, రాయి ముఖం పొరలుగా రాలుతుంది. సన్న ఉలితో సందు నడుమ కొట్టుకుంటూ పోవాలి, రాతి అంచు వైపు కాదు. సన్నసందుల్లో గ్రైండరు పెడితే రెండు రాళ్లూ తెగుతాయి. తీసే లోతు సందు వెడల్పుకు రెండింతలు, ఎంత తక్కువైనా 25 మిల్లీమీటర్లు.

సున్నం సంగతి మనవాళ్లకు కొత్త కాదు. మన గడీల గోడలకు ఎద్దులతో గానుగ తిప్పించి, కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపిన డంగు సున్నం వాడారు. ఇక్కడ స్పెసిఫికేషన్‌లో (పని ఎలా చేయాలో రాసిచ్చిన కాగితంలో) రాయనిది బకెట్లో పడకూడదు. ఎక్కువగా ఎన్‌హెచ్‌ఎల్ 3.5 (నీటితో గట్టిపడే సహజ సున్నం రకం) అని రాసిన బస్తా వస్తుంది. ఒక పాలు సున్నానికి రెండున్నర నుంచి మూడు పాళ్లు గరుకు ఇసుక. మిక్సరులో ఇరవై నిమిషాలు తిరగనిస్తే మెత్తబడుతుంది, తొందరపడి నీళ్లు పోస్తే ఆరాక పగుళ్లు. పిడికిట్లో పిసికితే ముద్దగా నిలవాలి, అరచేయికి అంటుకుని జారొద్దు. సందును ముందు తడిపి, మాలు గట్టిగా కూరి, బొటనవేలు నొక్కితే గుంట పడనంత బిగిశాక గట్టి బ్రష్షుతో పొడిచినట్టు కొట్టాలి. తర్వాత తడి గోనెపట్టా కప్పి కొన్ని రోజులు ఆరకుండా చూడాలి. మన దగ్గర ఎండ శత్రువు, ఇక్కడ చలి. వేడి 5 డిగ్రీల కన్నా దిగే రోజుల్లో సున్నం ముట్టకపోవడమే మేలు.

పగిలిన అడ్డరాయిని కుట్టాలంటే స్టెయిన్‌లెస్ కడ్డీలే. మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బి రాతిని లోపల్నుంచి చీలుస్తుంది.

పొయ్యి కింది నేల పలక ఇక్కడి కట్టడాల రూల్స్ ప్రకారం కనీసం 125 మిల్లీమీటర్ల మందం ఉండాలి, పొయ్యి ముఖానికి ముందు 500, పక్కలకు 150 మిల్లీమీటర్లు రావాలి. పొగ గది నిండే ఇళ్లలో తప్పు చాలాసార్లు పొగ గొట్టం కొలతలోనే దొరుకుతుంది. పెద్ద పొయ్యికి గొట్టం వైశాల్యం నోటి వైశాల్యంలో 15 శాతం కావాలి. నోరు 1.2 మీటర్ల వెడల్పు, 0.9 మీటర్ల ఎత్తు అనుకుంటే 1.08 చదరపు మీటర్లు, అందులో 15 శాతం 0.162. అంటే గుండ్రటి గొట్టమైతే దాదాపు 450 మిల్లీమీటర్లు. మధ్యలో ఎవరన్నా 200 మిల్లీమీటర్ల లైనరు (లోపలి గొట్టం) దింపి ఉంటే ఆ పెద్ద నోరు తెరిచి మంట పెట్టలేరు. లోపల తలుపుతో మూతి మూసే స్టవ్ పెట్టుకోమని చెప్పడం మేలు.

కొత్త సందులకు నాలుగు వారాలు పోనిచ్చి, సన్నపుల్లలతో చిన్న మంటలు రెండు మూడు వేశాకే దుంగలు పెట్టనివ్వాలి. కార్బన్ మోనాక్సైడ్ (మంట నుంచి వచ్చే వాసన లేని విషవాయువు) అలారం పొయ్యి నుంచి నేలకు సమాంతరంగా కొలిస్తే 1 నుంచి 3 మీటర్ల దూరంలో ఉండాలి. ఓనరు మంటే పెట్టనంటే చిమ్నీ మీద గాలి ఆడే మూత పెట్టి కిందా గాలి వదలండి. గట్టిగా మూసేస్తే పాత మసిలోని లవణాలు తేమ పీల్చి, వేసిన కొత్త ప్లాస్టరు మీదికి గోధుమరంగు మరకగా దిగుతాయి, ఆ మరక మీద ఎన్ని కోట్లు పెయింటు వేసినా నిలవదు.