పవన్‌ను వదిలేసి టైటాన్స్ మంచి పని చేసింది

ప్రో కబడ్డీలో ఒక్కో జట్టు చేతిలో ఉండేది 5 కోట్ల రూపాయలు. వేలానికి ముందు అట్టిపెట్టుకున్న వాళ్ల డబ్బు, వేలంలో పాడుకున్న వాళ్ల ధర, అంతా అందులోనే సర్దుకోవాలి. జట్టులో 18 మందికి తగ్గకూడదు, 25 మందికి మించకూడదు. 2023 అక్టోబర్ వేలంలో మన తెలుగు టైటాన్స్ ఒక్క పవన్ సెహ్రావత్‌కే 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది. అంతకుముందు ఈ లీగ్‌లో ఎవరికీ అంత ధర పలకలేదు. మిగిలింది 2 కోట్ల 39 లక్షల 50 వేలు. అందులో కనీసం మరో పదిహేడు మంది రావాలి.

నేను కోవూరులో రొయ్యల మేత కొట్టులో లెక్కలు చూస్తాను. డబ్బు ఎక్కడ పెట్టారు, దానికి ఏం వచ్చింది అన్నదే నా కళ్లకు ముందు కనపడుతుంది. ఆ సీజన్‌లో మన జట్టు 22 మ్యాచ్‌లు ఆడి రెండు గెలిచింది. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. పవన్ తప్పేం లేదు. 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు, కూతకు పోయే రైడర్ నుంచి అంతకన్నా ఏం అడుగుతాం? మేతంతా ఒక మూలే చల్లితే చెరువులో సగం రొయ్య పస్తుంటుంది. జరిగింది అదే.

అందుకే 2025 వేలానికి ముందు పవన్‌ను వదిలేశారని తెలిసినప్పుడు మా ఇంట్లో నేను ఒక్కదాన్నే సంతోషపడ్డాను. మా బాబాయ్ అయితే మండిపడ్డాడు.

"ఏందమ్మాయ్, ఏషియన్ గేమ్స్‌లో దేశానికి గోల్డ్ తెచ్చిన కెప్టెన్‌ని పట్టుకొని వద్దంటారా? వీళ్లకేమన్నా మతుందా?"

"పవన్ గొప్పోడు కాదని ఎవరన్నారు బాబాయ్? అతని ధరకి మనకి ఎంతమంది వస్తారో చూడు."

"నీదంతా కొట్టు లెక్క. ఆటంటే లెక్క కాదు."

ఆటకు లెక్క ఉంది, బాబాయ్‌కి కూడా తెలుసు. ఒకప్పుడు అల్లూరు చుట్టుపక్కల ఏ ఊళ్లో పోటీలు పెట్టినా ఆయన కూతకు పోతున్నాడంటే జనం లేచి నిలబడేవాళ్లు. కానీ రైడర్‌గా ఆడినవాళ్లకు రైడరే ఆటంతా అనిపిస్తాడు. నేను కావలిలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ జట్టుకు లెఫ్ట్ కార్నర్ ఆడాను, అంటే ఎడమ మూలన నిలబడి రైడర్‌ను పట్టేదాన్ని. ఆ మూలన నిలబడితే ఆట వేరేగా కనపడుతుంది.

ఒకే పెద్ద రైడర్ ఉన్న జట్టును ఎదుటివాళ్లు ఎలా కట్టేస్తారో చెప్తాను. వాళ్ల ప్లాన్ అంతా అతన్ని ఒక్కసారి పట్టడమే. అతను అవుటై బయట కూర్చున్నాడా, ఇక అసలు తొందరే పడరు. మనవాళ్లు ఎదుటివాణ్ని తాకి టచ్ పాయింటో, వాళ్ల రైడర్‌ను పట్టి ఒక పాయింటో తెస్తే తప్ప బయటున్నవాడు లోపలికి రాడు. అదీ ముందు అవుటైనవాడు ముందు వస్తాడు. ఎదుటివాళ్ల వైపు బోనస్ గీత దాటి బోనస్ పాయింట్ తెచ్చినా ఎవరూ తిరిగిరారు. రెండో రైడర్ బలహీనుడైతే వాళ్లు గీత దగ్గరికే రాకుండా రెండు రైడ్లు ఖాళీగా పోనిస్తారు. మూడోది డూ ఆర్ డై. పాయింట్ తేకపోతే అతనూ అవుట్. ఇలా పది నిమిషాలు గడిస్తే మ్యాట్ మీద ఇద్దరో ముగ్గురో మిగులుతారు. కోట్లు పోసి కొన్నవాడు పక్కన కూర్చొని తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ ఉంటాడు. అందరూ అవుటై ఆలౌట్ అయ్యాకే మళ్లీ లోపలికొస్తాడు, అప్పటికి ఎదుటి జట్టుకు ఇంకో రెండు పాయింట్లు కలిసిపోయాయి. 2023-24 సీజన్‌లో టైటాన్స్ ఆట చూసినవాళ్లకు ఇది కళ్లకు కట్టినట్టు గుర్తుంటుంది.

ఈ అలవాటు పవన్‌తో మొదలైంది కాదు. రాహుల్ చౌదరి ఉన్న రోజుల్లో, 2015లో మూడో స్థానం, 2016లో సెమీఫైనల్ చూశాం. ఆ తర్వాత అలాంటి ఇంకో హీరో కోసం వెతుకులాటే. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ని కోటీ 45 లక్షలకు కొన్నారు. ఆ ఏడు వేలంలో అతనిదే పెద్ద ధర. 200 పాయింట్లు దాటించాడు, జట్టు పదకొండో స్థానంలో ఆగింది. తర్వాతి సీజన్‌కి మళ్లీ కోటీ 30 లక్షలు పెట్టి అట్టిపెట్టుకున్నారు. మొదటి కొన్ని మ్యాచ్‌లకే దెబ్బ తగిలి కూర్చున్నాడు. ఆ సీజన్ మొత్తంలో మనం గెలిచింది ఒక్కటే ఒక్క మ్యాచ్. మనిషి ఒంటికి దెబ్బ తగలడం ఎవరి చేతిలోనూ లేదు. ఆ ఒక్క మనిషి మీదే జట్టంతా నిలబెట్టడం మాత్రం జట్టు నడిపేవాళ్ల చేతిలో ఉన్న పనే.

పక్క రాష్ట్రం వాళ్లను చూడండి. 2022లో తమిళ్ తలైవాస్ ఇదే పవన్‌ను 2 కోట్ల 26 లక్షలకు కొన్నది. మొదటి మ్యాచ్‌లోనే కొన్ని నిమిషాలకే మోకాలికి దెబ్బ తగిలి సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. అయిపోయింది ఇక వీళ్ల పని అనుకున్నాం అందరం. ఎవరికీ పెద్దగా తెలియని నరేందర్ అనే కుర్రాడు రైడింగ్ మొత్తం భుజాన వేసుకొని 240కి పైగా పాయింట్లు తెచ్చాడు. సాగర్, సాహిల్ గులియా రెండు మూలలూ కాశారు. ఆ జట్టు మొదటిసారి సెమీఫైనల్‌కి పోయింది. రెండు కోట్ల మనిషి లేకుండా! నాకు ఆ సీజన్ చూశాకే టైటాన్స్ మీద కోపం ఎక్కువైంది. తర్వాతి ఏడే మనవాళ్లు అదే పవన్‌కి ఇంకా ఎక్కువ పెట్టారు మరి.

2024లో వదిలేసినట్టే వదిలేసి, వేలంలో వేరేవాళ్లు పాడిన ధరకే తిరిగి తీసుకునే హక్కు వాడుకొని, కోటీ 72 లక్షల 50 వేలకు మళ్లీ తెచ్చుకున్నారు. ఈసారి కొంచెం తగ్గారు. కోచ్‌గా క్రిషన్ కుమార్ హుడా వచ్చాడు. సీజన్ మధ్యలో పవన్‌కు దెబ్బ తగిలితే విజయ్ మలిక్ అనే ఇంకో ఆటగాడు ముందుకొచ్చి జట్టును లాక్కొచ్చాడు. జట్టు 12 మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానంలో ఆగింది, లీగ్ మ్యాచ్‌ల తర్వాత జరిగే ప్లేఆఫ్స్ కొద్దిలో పోయాయి. పవన్ లేని మ్యాచ్‌ల్లో ఈ జట్టు బతికి బట్టకట్టగలదని అప్పుడే తెలిసింది. నా లెక్కలో 2025 నిర్ణయానికి విత్తనం పడింది అక్కడే.

ఇక 2025 వేలం. భరత్ హుడాకు 81 లక్షలు. రైట్ కార్నర్ శుభమ్ షిండేకు 80 లక్షలు. విజయ్ మలిక్‌ను తిరిగి తెచ్చుకోవడానికి 51 లక్షల 50 వేలు. ముగ్గురికీ కలిపి 2 కోట్ల 12 లక్షల 50 వేలు. రెండేళ్ల కింద ఒక్క పవన్‌కు పెట్టినదానికన్నా 48 లక్షలు తక్కువ! ఇది నోట్‌బుక్‌లో రాసి బాబాయ్ ముందు పెట్టాను. ఆయన చూసి, "షిండేకి ఎనబై లచ్చలా? మూల్లో నిలబడేవాడికా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

మూల్లో నిలబడేవాడు ఏం చేస్తాడో మా ఊరి కుర్రాడిని చూసి చెప్తాను. రాత్రిళ్లు రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు చూసుకుంటాడు, సాయంత్రం ప్రాక్టీసుకు వస్తాడు. రైడర్ బోనస్ కోసం కాలు చాచినప్పుడు అందరూ మొహం చూస్తారు, భుజం చూస్తారు. ఈ పిల్లాడు మడమ చూస్తాడు. మడమ నేలను వదిలి బరువు ముందు కాలి మీదకు వచ్చిన ఆ క్షణంలోనే కుడి మోకాలు నేలకు ఆనించి దూకుతాడు. రెండు చేతులూ చీలమండకి కొంచెం పైన ముడి పడతాయి. లాగడు, ముందు గుండెకు హత్తుకుంటాడు. లాగితే కాలు జారుతుంది, హత్తుకుంటే రైడర్ ఒంటికాలి మీద ఉండిపోతాడు. ఆ అర సెకనులో పక్కనుండే డిఫెండర్, అంటే కవర్, వచ్చి భుజంతో గుద్ది డాష్ ఇవ్వాలి. రాకపోతే పిల్లాడిని ఈడ్చుకుంటూ గీత దాకా పోతాడు రైడర్. అందుకే కార్నర్ ఒక్కడిని కొంటే చాలదు, అతని పక్కనున్న కవర్‌కి అతని దూకుడు అలవాటు కావాలి. ఇలాంటి జోడీని ప్రతి వేలంలో విడదీసి మళ్లీ కొత్తగా కలపడం ఎంత కష్టమో ఆడినవాళ్లకు తెలుస్తుంది. అజిత్ పవార్ లాంటి పాత డిఫెండర్లను టైటాన్స్ వదులుకోకపోవడం, షిండేని కొన్నంత మంచి పని.

సంక్రాంతి పోటీలకు మా ఊరి జట్టు ఎంపికలో కూడా ఇదే తగవు నడుస్తోంది. చందాలుగా వచ్చిన డబ్బుతో ఒంగోలు వైపు నుంచి ఒక పేరున్న రైడర్‌ను రెండు రోజులకు తెద్దామని బాబాయ్ పట్టు. అతనొస్తే మా పన్నెండు మందిలో ఒకరు తప్పుకోవాలి, పైగా చందాలో ముప్పావు వంతు అతనికే పోతుంది. ఆ డబ్బుతో కుర్రాళ్లకు మంచి బూట్లు, నెల రోజులు సాయంత్రం గుడ్లు, పాలు పెడదాం అని నేను. మట్టి కోర్టులో అరిగిన బూట్లతో దూకి మోకాళ్లు దోక్కుపోతున్నాయి వాళ్లకి. అల్లూరు నుంచి ప్రతి సంక్రాంతికి వచ్చే జట్టు ఒక్క బయటివాడిని కూడా తీసుకోదు, చిన్నప్పటి నుంచి కలిసి ఆడినవాళ్లే. వాళ్లను ఓడించడం ఎంత కష్టమో బాబాయ్‌కి నేను చెప్పక్కర్లేదు. ప్రస్తుతానికి బూట్ల కొలతలు తీసుకున్నాం. రైడర్ మాట ఇంకా తెగలేదు.

పెద్ద ధర పెట్టడమే తప్పని నేను అనడం లేదు. 2023 వేలంలో పుణేరి పల్టన్ ఇరాన్ ఆటగాడు షాద్లూకి 2 కోట్ల 35 లక్షలు పెట్టి, 2024 మార్చిలో మన హైదరాబాద్‌లోనే ఫైనల్ గెలిచి కప్పు ఎత్తుకెళ్లింది. తేడా ఎక్కడంటే, వాళ్ల దగ్గర అప్పటికే అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్ లాంటి కుర్రాళ్లు ఉన్నారు. చిన్న వయసులో తెచ్చుకొని, కలిపి ఆడించి, తక్కువ డబ్బులో అట్టిపెట్టుకున్నారు. ఇల్లు కట్టుకున్నాక పైన పెట్టిన ఖర్చది. ఇంకోటి, షాద్లూ పట్టేవాడు కూడా. మనవాళ్లు పునాది తీయకుండానే పై అంతస్తుకు డబ్బు పోశారు.

2025 సీజన్ మొదటి మ్యాచ్ విశాఖపట్నంలో, ఆగస్టు 29న. ఎదురుగా తమిళ్ తలైవాస్, అందులో పవన్. మనం ఓడిపోయాం. బాబాయ్ ఆ రాత్రి భోజనం దగ్గర నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఆట చూశారు కదా. కెప్టెన్‌గా విజయ్ మలిక్, ఎవరు అవుటైనా ఆగని భరత్. ఒకడు బయట కూర్చుంటే ఇంకొకడు కూతకు పోయి అతన్ని లోపలికి తెచ్చేవాడు. 2016 తర్వాత మళ్లీ అప్పుడే ప్లేఆఫ్స్ ముఖం చూశాం. బెంగళూరు బుల్స్‌ను, పట్నా పైరేట్స్‌ను కొట్టి, ఫైనల్‌కి ముందు మెట్టు క్వాలిఫయర్ 2 దాకా పోయాం. పట్నాతో మ్యాచ్ అయ్యాక మా వీధిలో పిల్లలు టపాకాయలు కాల్చారు. కబడ్డీకి మా వీధిలో టపాకాయలు కాలడం నేనెప్పుడూ చూడలేదు.

క్వాలిఫయర్ 2లో పుణేరి పల్టన్ చేతిలో 50-45తో పోయింది. మొదట్లో ఎంత ముందున్నామో! భరత్ ఒక్కడే 20కి పైగా పాయింట్లు తెచ్చాడు. 45 పాయింట్లు తెచ్చి ఓడామంటే లోటు రైడింగ్‌లో లేదు. వాళ్ల కుర్రాడు ఆదిత్య షిండే వచ్చినప్పుడల్లా పాయింట్ పట్టుకుపోయాడు, అతన్ని ఆపలేకపోయాం.

అందుకే వచ్చే వేలానికి ముందు నా మాట ఎవరైనా అడిగితే, ముందు కాగితం మీద రాసుకోవాల్సింది డిఫెండర్ల పేర్లు. శుభమ్ షిండేని ఏ ధరకైనా వదలొద్దు, అతని పక్కన ఆడి అలవాటైన కవర్లను వదలొద్దు. విజయ్ మలిక్ ఉండాలి, భరత్ కూడా ఉండాలి, ఐదు కోట్లలో ఇద్దరూ పడతారు. కొత్త కుర్రాళ్ల కోటాలో ఒక మూడో రైడర్‌ను వెతకాలి, నరేందర్‌ను తలైవాస్ వెతుక్కున్నట్టు. వేలంలో ఏ పెద్ద పేరు వచ్చినా, ఆ పేరుకి కోటి దాటిందంటే టైటాన్స్ బల్ల మీద చెయ్యి లేవకూడదు.