అద్దె కారు కెమెరాలో పడ్డ మా వీడియో చెరిపించేదాకా

బెంగళూరులో సెల్ఫ్ డ్రైవ్ కార్లు తీసుకునే మనవాళ్లు చాలామంది ఉంటారని ఇది రాస్తున్నాను. మారతహళ్లిలో ఒక యాప్ ద్వారా కారు తీసుకుని అన్నయ్య, వదిన, చంటిపాపతో హిందూపురం బయల్దేరాం. బాగేపల్లి దాటాక పాప ఏడుపు అందుకుంటే వదిన వెనక సీట్లోనే పాలు పట్టింది. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర టీకి ఆగినప్పుడు అన్నయ్య కంటపడింది: లోపలి అద్దం వెనక నల్లటి డబ్బా, దానికి రెండు లెన్సులు, ఒకటి రోడ్డు వైపు, ఇంకోటి మా వైపు, పక్కనే వెలుగుతున్న చిన్న ఎర్ర లైటు. వదిన ఏమీ అనలేదు, చున్నీ సర్దుకుని దిగిపోయింది. నాకైతే ఒళ్లు మండిపోయింది. ముట్టుకుంటే ఫైన్ అంటారేమోనని పీకకుండా పాప టోపీ దానికి తగిలించి మిగతా దారంతా వెళ్లాం.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "సేఫ్టీ కోసం మేడమ్, బుకింగ్‌లో మీరే ఓకే చేశారు" అన్నారు. షరతులన్నీ కూర్చుని చదివాను. ట్రాకింగ్ పరికరాలు ఉండొచ్చని ఒక్క లైను ఉంది, కెమెరా అన్న మాటే లేదు. కారు ఎవరైనా ఎత్తుకుపోతారని ఓనర్‌కి భయం ఉంటుంది, జీపీఎస్ పెట్టుకోనీ, రోడ్డు వైపు కెమెరా కూడా సరే, యాక్సిడెంట్ అయితే మనకే పనికొస్తుంది. లోపల కూర్చున్నవాళ్లని తీయడం వేరు. పైగా ఓకే నొక్కింది నేను, మా వదిన కాదు.

2023 డేటా రక్షణ చట్టంలో సమ్మతి దేనికో స్పష్టంగా చెప్పి తీసుకోవాలనీ, ఆ నోటీసు తెలుగులో కూడా చదువుకునే వీలుండాలనీ, పిల్లల డేటాకి తల్లిదండ్రుల అనుమతి కావాలనీ ఉంది. నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి గానీ ముఖ్యమైనవి అమలవడానికి 18 నెలల గడువు ఇచ్చారు. అందుకే 2011 ఐటీ నిబంధనలు పట్టుకున్నాను. వాటి ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు వెబ్‌సైట్‌లో పెట్టాలి, ఫిర్యాదు నెలలోపు తేల్చాలి.

ఆ ఆఫీసర్‌కే మెయిల్ పెట్టాను: బుకింగ్ నంబరు, కారు తీసుకున్న, తిరిగిచ్చిన టైములు, వీడియో ఎక్కడ ఉంది, ఎవరు చూడగలరు, మైక్ ఉందా, చెరిపేసి రాతపూర్వకంగా చెప్పండి అని. తాను సమ్మతి ఇవ్వలేదంటూ వదిన కూడా విడిగా తన మెయిల్ నుంచి రాసింది, నా లెక్కలో పని జరిగింది దాంతోనే.

మొదట రెడీమేడ్ జవాబు వచ్చింది. మళ్లీ గట్టిగా అడిగితే అసలు సంగతి తెలిసింది: కారు కంపెనీది కాదు, ఒక ప్రైవేటు ఓనర్‌ది, వీడియో అతని మెమరీ కార్డులో ఉంది. ఇలాంటి కెమెరాల్లో కార్డు నిండాక పాతదాని మీదే కొత్తది రికార్డవుతుంది, కొన్నింట్లో సిమ్ ఉంటే నేరుగా ఓనర్ ఫోన్‌కే వెళ్తుంది, కాబట్టి రెండూ అడగాలి. చివరికి కార్డులోదీ ఫోన్‌లోదీ చెరిపేశామని మెయిల్ వచ్చింది.

ఇప్పుడు బుక్ చేసే ముందే చాట్‌లో "లోపలి కెమెరా ఉందా, ఆపి ఇస్తారా" అని అడిగి, జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నాను. కెమెరా ఉన్న సంగతి కారు పేజీలోనే చూపించమని కంపెనీని అడిగాను. దానికి మాత్రం జవాబు లేదు, మళ్లీ రాశాను.