తలుపు కింద టిష్యూ ముక్క

కొవిడ్‌తో విడిగా గదిలో పడుకున్న రెండో రోజు సాయంత్రం చూస్తే, తలుపు కింది అంచుకు అంటించిన టిష్యూ పేపరు ముక్క హాలు వైపు లాక్కుపోయి ఉంది. పొద్దున్నుంచీ అది గదిలోకే ఎగురుతోంది. వేలెడు వెడల్పు, నాలుగు వేళ్ల పొడవు, పైన చిన్న టేపు ముక్క, అంతే. అది హాలు వైపు తిరిగిందంటే నేను వదిలిన ఊపిరి ఇంట్లోవాళ్ల దగ్గరికి పోతోందని అర్థం.

కారణం వంటగదిలో దొరికింది. అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశారు, హాలు కిటికీలూ వంటగది కిటికీ మూసి ఉన్నాయి. ఆ ఫ్యాను బయటికి తోసేసినంత గాలి ఎక్కణ్ణుంచో ఇంట్లోకి రావాలి కదా. అది నా కిటికీలోంచి వచ్చి, నా మంచం మీదుగా తలుపు కిందినుంచి పోయింది. నా కిటికీలో టేబుల్ ఫ్యాన్‌ను బయటి వైపు తిప్పే పెట్టాను, కానీ చుట్టూ ఖాళీ వదిలేశాను. అలా వదిలేస్తే ఫ్యాను తోసిన గాలిలో కొంత ఆ పక్క ఖాళీల్లోంచే వెనక్కి వచ్చేస్తుంది, గదిలో లాగుడు బలంగా ఉండదు. అట్టపెట్టె చీల్చి, ఫ్యాను ముఖానికి సరిపడా గుండ్రంగా కోసి, మిగతా కిటికీ అంతా ఆ అట్టతో మూసి అంచులకు టేపు వేశాను. వంటగది కిటికీ జానెడు తెరిచి ఉంచమని ఫోన్‌లో చెప్పాను. ముక్క మళ్లీ నా వైపు తిరిగింది.

ఈ శ్రద్ధంతా ఎందుకంటే, నాకు జబ్బు అంటుకున్నది కూడా గాలి వల్లేనని నా నమ్మకం. తలుపులు మూసిన ఏసీ గదిలో 11 మందిమి రెండు గంటలు కూర్చున్నాం. జేబులోని కార్బన్ డయాక్సైడ్ మీటరు 1900 పీపీఎం, అంటే గాలిలో ప్రతి పది లక్షల భాగాలకు 1900 భాగాలు, చూపించింది. ఆరుబయట గాలిలో అది సుమారు 420. మనం వదిలే ఊపిరిలో దాదాపు 40,000. లెక్క వేస్తే, ఆ గదిలో పీల్చిన ప్రతి 27 ఊపిర్లలో ఒక ఊపిరంత గాలి అప్పటికే ఎవరో ఒకరి ఊపిరితిత్తుల్లోంచి వచ్చింది. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలి తేదు. దాని జాలీ దుమ్మును ఆపుతుంది, వైరస్‌ను మోసే సూక్ష్మ తుంపర్లను ఆపలేదు. మూడో రోజుకు గొంతు పట్టేసింది.

తుంపర సైజును బట్టే అంతా ఉంటుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కదలని గాలిలో మనిషి నోటి ఎత్తునుంచి 100 మైక్రాన్ల తుంపర కొన్ని సెకన్లలో నేల మీద పడుతుంది. 5 మైక్రాన్లదానికి అరగంట పడుతుంది. 1 మైక్రానుదైతే పూటంతా తేలుతూనే ఉంటుంది. మాట్లాడినా, మామూలుగా ఊపిరి వదిలినా వచ్చేవాటిలో ఈ చిన్నవే ఎక్కువ. అందుకే మూసిన గదిలో ఆరడుగుల దూరం ఒక్కటే కాపాడదు. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, స్కాజిట్ కౌంటీలో రెండున్నర గంటల బృందగాన సాధనకు 61 మంది వచ్చారు, వారిలో ఒకరికి అప్పటికే లక్షణాలున్నాయి. మిగతా 60 మందిలో 32 మందికి కొవిడ్ పరీక్షలో తేలింది, ఇంకో 20 మందికి వచ్చి ఉంటుందని లక్షణాలను బట్టి నిర్ణయించారు. ఇద్దరు చనిపోయారు.

గదిలో హెపా ఫిల్టరు (సూక్ష్మ కణాలను కూడా పట్టే జల్లెడ) ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ కూడా పెట్టాను. కొనేటప్పుడు చూడాల్సింది అది నిమిషానికి ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో ఆ అంకె. నా గది 12 అడుగుల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు, అంటే 1200 ఘనపుటడుగులు. నిమిషానికి 120 ఘనపుటడుగులిచ్చే యంత్రమైతే గంటకు 7200, అంటే గది గాలికి ఆరు రెట్లు. ఆ లెక్కన రోగి గదిలోంచి వెళ్లిపోయాక 46 నిమిషాల్లో 99 శాతం తుంపర్లు పోతాయి. గంటకు రెండు రెట్లే అయితే 138 నిమిషాలు పడుతుంది. శబ్దం ఎక్కువని యంత్రాన్ని తక్కువ స్పీడులో పెడితే ఈ లెక్క చెల్లదు, పెట్టె మీద రాసేది పూర్తి స్పీడు అంకె. ఇంకో సంగతి, ఫిల్టరు కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించదు. మీటరు ఎక్కువ చూపించినా తుంపర్లు తగ్గి ఉండొచ్చు, రెండూ కలిపి చూసుకోవాలి.

తలుపు తీసిన ప్రతిసారీ గాలి హాలులోకి కొట్టుకొస్తుంది. అందుకని భోజనం బయట స్టూలు మీద పెట్టి వాళ్లు అవతలికి వెళ్లాకే, మాస్కు వేసుకుని మెల్లగా తీసేవాణ్ణి. వాళ్లూ ఎన్95 పెట్టుకున్నారు. ముక్కు మీది తీగను రెండు చేతుల వేళ్లతో నొక్కి, గట్టిగా ఊపిరి వదిలినప్పుడు కళ్లకు గాలి తగిలితే అది సరిగ్గా కూర్చోలేదన్నమాట. గడ్డం ఉంటే అసలు అతకదు.

జ్వరం రెండు రోజులు 102 దాకా వెళ్లింది. పారాసెటమాల్ 650, ఆరు గంటలు గడవకుండా రెండోది వేసుకోలేదు. ఆక్సీమీటరు పెట్టేముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, వేళ్లు వెచ్చబడ్డాక, అంకె నిలకడగా ఆగేదాకా చూసేవాణ్ణి. చల్లటి వేలికి తప్పుడు అంకె వస్తుంది. రక్తంలో ఆక్సిజన్ 95 శాతం కంటే కిందికి రాలేదు. 94 కంటే తగ్గితే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలని ముందే అనుకున్నాం.

మొదటి రోజు యాంటిజెన్ పరీక్షలో ఒక్క గీతే వచ్చింది, మర్నాడు రెండు, అంటే కొవిడ్ ఉన్నట్టే. లక్షణాలుండి ఒక్క గీతే వస్తే జబ్బు లేదనుకోకూడదు. ఐదో రోజుకు జ్వరం పోయింది, ఒళ్లు తేలికపడింది, కానీ రెండో గీత ముదురుగానే ఉంది. తొమ్మిదో రోజుకి అది పోయింది. ఆ నాలుగు రోజులూ గదిలో ఉండటమే కష్టమైంది, ఎందుకంటే బాగానే ఉన్నాననిపిస్తుంది.

నీరసం ఇంకో మూడు వారాలు ఉంది. ఒక్క అంతస్తు మెట్లెక్కితే గుండె దడదడలాడేది. పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, మర్నాడు అలసట పెరిగితే సగానికి తగ్గించాను, పెరగకపోతేనే రెండు నిమిషాలు కలిపాను.

ఇంట్లో మిగతా ఇద్దరికీ రాలేదు. పదో రోజు కిటికీలోంచి ఫ్యాను తీశాను. అట్టను మడవకుండా బీరువా వెనక పెట్టి, దాని మీద 'ఇది బయటి వైపు' అని రాసి బాణం గుర్తు వేశాను.