మన కొబ్బరి తోటల్లో పండే చాక్లెట్

హైదరాబాద్‌లో బంజారాహిల్స్ వైపు పని పడితే చాలు, 'మనం చాక్లెట్' అనే కంపెనీ వాళ్ళ కార్ఖానాకి వెళ్ళకుండా నేను ఇంటికి రాను. 2023లో మొదలైన షాపు ఇది. మరుసటి ఏడాదే టైమ్ మ్యాగజైన్ ప్రపంచంలో చూడదగ్గ గొప్ప చోట్ల జాబితాలో దీన్ని చేర్చింది. ఆ పేరు రావడం నాకూ సంతోషమే, కానీ నన్ను లాక్కెళ్ళేది వేరే. అక్కడ అద్దాల వెనక చాక్లెట్ తయారవుతుంటే చూస్తూ కూర్చోవచ్చు, చిక్కటి హాట్ చాక్లెట్ తాగొచ్చు, పైగా అందులో వాడే గింజలు మన ఉమ్మడి పశ్చిమ గోదావరివి.

కోకో మన దగ్గర పండుతుందని చెప్తే ఇప్పటికీ నమ్మనివాళ్ళు ఉన్నారు. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏలూరు దాటి లోపలికి వెళ్తే కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో నీడన ఈ చెట్లే కనిపిస్తాయి. కాయలు కొమ్మల చివర వేలాడవు, మొదలుకీ లావాటి కొమ్మలకీ నేరుగా అతుక్కుని కాస్తాయి. కాయ పగలగొడితే తెల్లటి గుజ్జులో గింజలు. ఆ గుజ్జు తియ్యగా, కాస్త పుల్లగా ఎంత బాగుంటుందో, చిన్నప్పుడు సెలవులకి అమ్మమ్మ వాళ్ళ ఊరెళ్తే అది చప్పరించి గింజ ఊసేసేవాళ్ళం. ఆ ఊసేసిన గింజే చాక్లెట్ అవుతుందని మాకెవరూ చెప్పలేదు.

పచ్చి గింజని కొరికితే చేదు, వగరు తప్ప చాక్లెట్ వాసన ఏమీ ఉండదు. ఆ వాసనకి పునాది పడేది పులియబెట్టడంలోనే. గుజ్జుతో సహా గింజల్ని చెక్కపెట్టెల్లో పోసి, అరిటాకులో గోనెసంచులో కప్పి, అయిదారు రోజులు మధ్యమధ్యలో తిరగేస్తూ ఉంచుతారు. ముందు ఈస్ట్ గుజ్జులోని చక్కెరని ఆల్కహాల్‌గా మారుస్తుంది, తర్వాత బ్యాక్టీరియా దాన్ని వెనిగర్‌లో ఉండే ఆమ్లంగా మారుస్తుంది, అప్పుడు పుట్టే వేడికి పెట్టె లోపల 45 డిగ్రీలు దాటుతుంది, గింజ లోపల రంగూ రుచీ రెండూ మారిపోతాయి. ఇది సరిగ్గా జరగకపోతే తర్వాత ఎంత గొప్ప మెషిన్ పెట్టినా లాభం లేదు. 'మనం చాక్లెట్' కంపెనీ పెట్టిన చైతన్య ముప్పాల ఈ ముక్క బాగా పట్టుకున్నారని నా అభిప్రాయం. వాళ్ళు ఏలూరు జిల్లా తడికలపూడిలో రైతుల దగ్గర పచ్చి గింజలే కొని ఒకేచోట పులియబెట్టి ఎండబెడుతున్నారు. ఏ రైతుకి ఆ రైతు తన పెరట్లో తోచినట్టు ఆరబెట్టి అమ్మే పద్ధతిలో ఒక బస్తా ఉన్నట్టు ఇంకో బస్తా ఉండదు, ఇక చాక్లెట్ ఒకే రుచిలో ఎలా వస్తుంది?

ఎండిన గింజల్ని వేయించి, పొట్టు చెరిగి, మిగిలిన పలుకుల్ని రాళ్ళ మధ్య ఒక రోజో రెండు రోజులో ఆపకుండా రుబ్బుతారు. నాకు అన్నిటికంటే గర్వంగా అనిపించే విషయం ఇక్కడే ఉంది. ప్రపంచంలో చాలా దేశాల్లో చిన్న చిన్న చాక్లెట్ తయారీదారులు వాడే ఆ రుబ్బే మెషిన్లు మన ఇడ్లీ పిండి గ్రైండర్‌ని మార్చి చేసినవే, వాటిలో కోయంబత్తూరు నుంచి వెళ్ళేవే బోలెడు.

ఇంతకీ తినడం గురించి. నమిలి మింగెయ్యకండి. కోకో బటర్, అంటే గింజలో ఉండే కొవ్వు, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటే మన ఒంటి వేడికంటే కొంచెం తక్కువ, కాబట్టి చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని ఊరుకుంటే దానంతట అదే కరుగుతుంది. మొదట కాస్త చేదు, ఆ తర్వాత పులుపు, ఎండుద్రాక్షలాంటి తీపి, చివర్లో ఎప్పుడో ఆ తెల్ల గుజ్జు రుచి. బంగినపల్లి మామిడికీ చెరుకురసం మామిడికీ ఎంత తేడానో ఒక ఊరి గింజలకీ ఇంకో ఊరి గింజలకీ అంత తేడా ఉంటుంది. మైసూరు నవిలూనా కంపెనీ బార్‌నీ, ఆరోవిల్ మేసన్ అండ్ కో కంపెనీ బార్‌నీ, గోదావరి గింజల బార్‌నీ పక్కపక్కన పెట్టుకుని తినండి, మీకే తెలుస్తుంది. మా మావయ్యకి కొబ్బరి తోటలో కోకో ఉంది, ఏళ్ళ తరబడి గింజలు అమ్మిన మనిషి. ఆయనకి 70 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ ముక్క ఒకటి ఇస్తే కాసేపు నోట్లో పెట్టుకుని, "చేదేరా, కానీ చివర్లో మన కాయ వాసన తగుల్తోంది" అన్నారు. ఏ రుచి చూసేవాళ్ళూ ఇంతకంటే బాగా చెప్పలేరు.

కొనేముందు వెనకాల అట్ట చదవండి. కోకో, చక్కెర, మహా అయితే కోకో బటర్, పాలపొడి, అంతే ఉండాలి. వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే కోకో బటర్ బదులు చవక కొవ్వు కొంతైనా వేశారని అర్థం, పూర్తిగా దానితోనే చేసిన సరుకుని కాంపౌండ్ అంటారు. మన ఎండలకి చాక్లెట్ కరిగి మళ్ళీ గడ్డకడితే పైన తెల్లటి చారలు వస్తాయి. అది బూజు కాదు, కొవ్వు పైకి తేలడం. పారెయ్యకండి, హాట్ చాక్లెట్‌కి వాడెయ్యండి.

హాట్ చాక్లెట్ అంటే నాకు ప్రాణం. మనలో చాలామందికి తెలిసింది పాలల్లో కోకో పొడి, చక్కెర కలిపిన పానీయమే. ఆ పొడి ఎలా వస్తుందంటే, గింజల ముద్దని ప్రెస్‌లో ఒత్తి కొవ్వు చాలావరకు తీసేస్తారు. 1828లో నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ కుటుంబం పేటెంట్ తీసుకున్న పద్ధతి అది. కొవ్వుతోపాటు ఆ నునుపూ పోతుంది. మంచి షాపుల్లో అసలు చాక్లెట్‌నే కరిగించి ఇస్తారు, చెంచాకి పట్టుకునేంత చిక్కగా. ఇంట్లో కూడా కష్టమేమీ కాదు. కప్పు పాలు సన్నటి సెగ మీద వేడిచేసి, పొంగకముందే దించి, సన్నగా తరిగిన 70 శాతం డార్క్ చాక్లెట్ ఒక 40 గ్రాములు వేసి కవ్వంతో బాగా చిలికి, మళ్ళీ రెండు నిమిషాలు స్టవ్ మీద పెట్టండి. చిటికెడు ఉప్పు తప్పనిసరి. తీపి చాలకపోతే కాస్త బెల్లం తురుము. పాలు వద్దనుకుంటే నీళ్ళతో చేసుకోండి, గింజ అసలు రుచి నీళ్ళల్లోనే ఇంకా బాగా తెలుస్తుంది, నాకైతే ఇప్పుడు అదే ఇష్టం.

ఒక్క బార్‌కి 300, 400 రూపాయలా అని ఇంట్లో వాళ్ళు, ఫ్రెండ్స్ అందరూ అడుగుతారు. 2024లో ప్రపంచ మార్కెట్‌లో కోకో టన్ను ధర 10,000 డాలర్లు దాటింది, మన రైతులు కూడా ఎప్పుడూ చూడని రేట్లు చూశారు. మరుసటి ఏడాది రేట్లు పడిపోయి, కంపెనీలు సరైన ధరకి కొనడం లేదని అదే రైతులు రోడ్డెక్కారు. గింజ నాణ్యతకి వేరే ధర ఇచ్చి కొనేవాళ్ళు దగ్గర్లో ఉంటే రైతుకి అదొక్కటే ధైర్యం. అందుకే ఆ 300 నాకు ఎక్కువ అనిపించదు, నెలకి ఒకటి కొని చిన్న చిన్న ముక్కలుగా తింటాను. మీరూ షాపుకి వెళ్తే సిగ్గుపడకుండా అడగండి, గింజలు ఏ ఊరివి, ఎక్కడ పులియబెట్టారు అని. మంచి షాపైతే చెప్పడానికి వాళ్ళకే మీకంటే ఎక్కువ ఉత్సాహం ఉంటుంది, రుచి చూడమని రెండు రకాలు చేతిలో కూడా పెడతారు.