ఒక్క టెంపరేచర్, నాలుగు నోళ్లు

1983లో వరంగల్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలో చేరేనాటికి ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే నాకు భయం. చదవడం, రాయడం బాగానే వచ్చు. నోరు తెరవాలంటేనే టెన్షన్. టెన్త్ దాకా మా ఊళ్లో తెలుగు మీడియం. ఇంటర్‌కి పట్నం వెళ్లాక, అక్కడ ఒక లెక్చరర్ గారు నేను ‘యెగ్జామ్’ అన్నానని నన్ను నిలబెట్టి, ఆ మాట పదిసార్లు చెప్పించారు. పదిసార్లూ ‘యెగ్జామ్’ అనే వచ్చింది. క్లాసంతా నవ్వింది. ఆ రెండేళ్లూ క్లాసులో నేను మళ్లీ నోరు విప్పలేదు.

వరంగల్ వచ్చాక విప్పక తప్పలేదు. ఆ రోజుల్లో మన కాలేజీలో సగం సీట్లు మన రాష్ట్రానివి, మిగతా సగం దేశంలోని మిగతా రాష్ట్రాల వాళ్లవి. కాజీపేటలో రైలు దిగి, ట్రంకుపెట్టెతో హాస్టల్‌కి వచ్చేసరికి నా గదిలో కేరళ త్రిస్సూర్ అబ్బాయి ఉన్నాడు. పక్క గదిలో ఒకడిది బెంగాల్ అసన్సోల్, ఇంకొకడిది బీహార్ ముజఫర్‌పూర్. సబ్బు అడగాలన్నా ఇంగ్లిషే, గొడవ పడాలన్నా ఇంగ్లిషే.

నాకు బాగా గుర్తున్నది మెషీన్స్ ల్యాబ్. మూడో సంవత్సరంలో సంప్నర్ టెస్ట్ చేశాం. ఒకేలాంటి రెండు ట్రాన్స్‌ఫార్మర్లను ఎదురెదురుగా కలిపి, కేవలం నష్టమయ్యే కరెంటు మాత్రమే బయటి నుంచి ఇస్తూ, పూర్తి లోడు మీద ఎంత వేడెక్కుతాయో చూడటం. వేడి నిలకడకు వచ్చేదాకా అరగంటకోసారి రీడింగ్ తీయాలి. మా బ్యాచ్‌లో థర్మామీటర్ చదివేది నేను, మీటర్లు చూసేది అసన్సోల్, ఆటోట్రాన్స్‌ఫార్మర్ తిప్పేది ముజఫర్‌పూర్, అన్నీ రాసుకునేది త్రిస్సూర్.

‘టెంపరేచరు’ అంటూ నేను అంకె చెబితే, ‘టెంబరేచర్’ అంటూ త్రిస్సూర్ రాసుకునేవాడు. అసన్సోల్ వాడు ‘భోల్టేజ్’ చెప్పేవాడు. ముజఫర్‌పూర్ వాడు ముందు ‘ఇస్టార్ట్’ అనేవాడు, తర్వాత ఏ ‘ఇస్కేల్’ మీద చూడాలని అడిగేవాడు. సున్నా వస్తే త్రిస్సూర్ నోట ‘సీరో’, మా ముగ్గురి నోటా ‘జీరో’. ఒక్క రీడింగూ తప్పు పడలేదు. నాలుగు గంటల పాటు ఆ వేడిలో కూర్చుని అవే మాటలు వింటుంటే, నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. వీళ్లెవరూ తడబడటం లేదే, ప్రతిసారీ ఒకేలా అంటున్నారే, మరి ఇది పొరపాటు ఎలా అవుతుంది?

ఆ అనుమానాన్ని మన ఇంగ్లిష్ మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ హైదరాబాద్‌లో సీఐఈఎఫ్‌ఎల్ అనే ఇంగ్లిష్, విదేశీ భాషల కేంద్ర సంస్థలో ఉచ్చారణ శాస్త్రం చదువుకున్నారు. మా నలుగురినీ వరండాలో కూర్చోబెట్టి, పాత ఆన్సర్ షీటు నుంచి వేలెడు వెడల్పు కాగితం చింపి, నా పెదవుల ముందు వేలాడదీసి, ‘పిన్ అను’ అన్నారు. అన్నాను. కాగితం కదల్లేదు. తర్వాత ఆవిడ ఇంగ్లండ్ వాళ్లు అనే పద్ధతిలో ‘పిన్’ అన్నారు. కాగితం రెపరెపలాడింది. మళ్లీ ‘స్పిన్’ అన్నారు. ఈసారి కదల్లేదు. ‘ప’ ఒకటే అక్షరమని, ఎస్ తర్వాత వస్తే అందులోంచి ఆ గాలి పోతుందని, మన తెలుగు ‘ప’ ఎక్కడున్నా గాలి వదలదని చెప్పారు. నలుగురం ఆ కాగితం లాక్కుని ఊదుకుంటూ కూర్చున్నాం.

త్రిస్సూర్ ‘బ’కి కారణం కూడా అప్పుడే తెలిసింది. మలయాళంలో గుడిని ‘అంబలం’ అంటారు, కానీ రాసేటప్పుడు ‘మ’ కింద ‘ప’ రాస్తారు. మ తర్వాత ప కనబడితే వాళ్ల నాలుకకి అది బ. అందుకే ‘సింప్లీ’ కూడా వాడి నోట ‘సింబ్లీ’. బెంగాలీలో వకారం లేదు. వివేకానందుడినే వాళ్లు ‘బిబేకానందో’ అంటారు, వోల్టేజ్‌ని వదులుతారా? ముజఫర్‌పూర్ వాడికి మాట మొదట్లో ‘స’కి ఇంకో హల్లు కలిసొస్తే ముందో మెట్టు కావాలి. అది విని నేను ఉలిక్కిపడ్డాను, మా నానమ్మ కూడా ‘ఇస్కూలు’ అనే అనేది.

ఇక నా వంతు. ‘ఎవరు అని రాసి ఏమని చదువుతావు?’ అన్నారు మేడమ్. ‘యెవరు’ అన్నాను. ‘మరి ఎగ్జామ్‌ని యెగ్జామ్ అనకుండా ఎలా ఉంటావు?’ అన్నారు. బస్సు, పెన్ను, కారు అని చివర అచ్చు తగిలించడం కూడా అంతేనన్నారు, తెలుగు మాట అచ్చుతో ముగియాలని చూస్తుంది. రెండేళ్లు మూసుకున్న నోటికి అంత చిన్న కారణం ఉందని నాకు ఆరోజు వరకూ ఎవరూ చెప్పలేదు. ఆ మేడమ్ రుణం నేను తీర్చుకోలేను.

ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు. శబ్దం తేడాగా ఉన్నా వినేవాడు నాలుగు రోజుల్లో అలవాటు పడతాడు, కానీ ఊనిక, అంటే అక్షరం మీద పెట్టే బలం, పడాల్సిన చోట పడకపోతే మాటే పోల్చుకోలేడు అని. అది 1994లో మాంచెస్టర్‌లో అనుభవమైంది. మా స్విచ్‌గేర్ కంపెనీ పని మీద వెళ్లాను. నేను ‘కాంపొనెంట్’ అని మొదటి అక్షరం మీద బలం పెట్టి అంటే అక్కడి ఇంజనీరుకి అర్థం కాలేదు. కాగితం మీద రాసి చూపిస్తే ‘కంపోనెంట్’ అన్నాడు, బలమంతా ‘పో’ మీద పెట్టి. ఆయన ‘బుస్‌బార్’ అంటే నాకు అర్థం కాలేదు. అది మన బస్‌బారే, కరెంటు పంచే లోహపు పట్టీ! 17వ శతాబ్దంలో దక్షిణ ఇంగ్లండ్‌లో ఆ ‘ఉ’ మారిందట, ఉత్తరాన పాతదే నిలిచిపోయింది. అక్కడ కప్పు కూడా ‘కుప్’. ఇంగ్లిష్ పుట్టిన దేశంలోనే రెండు వందల మైళ్లకి బస్సు మారిపోతే, దానికి ఎవరూ ఎవరినీ నిలబెట్టి నవ్వరు.

ఇప్పుడు యాక్సెంట్ పోగొడతామని చెప్పే క్లాసులు చాలా వచ్చాయి. మన జూనియర్లకి నేను చెప్పేది ఒకటే, ముందు ఊనిక నేర్చుకోండి, మీ ‘ట’నీ మీ ‘ప’నీ తర్వాత చూసుకోవచ్చు.

పోయిన నెల నాకు జ్వరమొచ్చింది. ఎలా తెలిసిందో గానీ త్రిస్సూర్ నుంచి ఫోన్. ‘టెంబరేచర్ ఎంత?’ అన్నాడు. ‘నూటొకటి’ అన్నాను. అవతల కాసేపు మాట లేదు. రాసుకుంటున్నట్టున్నాడు.